పరవస్తు చిన్నయసూరి: బాలలకు నీతిచంద్రిక నొసగిన మహాపండితుడు



వార్షికసభలు కూడినపుడెల్ల పూర్వులను స్మరించుట మనకు సంప్రదాయము. ఆ స్మరణము రెండు తెఱగులు. పటమునకు పూలదండ వైచి, జయజయధ్వానములు సలిపి, భోజనపంక్తికి లేచిపోవుట యొక తెఱగు. ఆ మహనీయు డొనర్చిన కార్యమెట్టిది, దాని నేల యొనర్చెను, మనము దానిని నిలుపుకొంటిమా, పోగొట్టుకొంటిమా యని విచారించుట రెండవ తెఱగు. మొదటిది సులభము. రెండవది ఫలదాయకము. పరవస్తు చిన్నయసూరిగారి విషయమున మనవారు మొదటిదానిని సమృద్ధిగా జేసిరి. రెండవది చేయవలసియున్నది.

సూరిగారి పేరు చెప్పినంతనే పండితులకు బాలవ్యాకరణము జ్ఞప్తికి వచ్చును. సామాన్యులకు నీతిచంద్రిక జ్ఞప్తికి వచ్చును. కాకియు, ఎలుకయు, తాబేలును, లేడియు స్నేహము చేసిన కథ, సింహమును ఎద్దును నక్క విడదీసిన కథ తాతల నోటను, పాఠశాలల యందును వినని తెలుగువా డుండడు. ఈ వ్యాసమున జెప్పదలచిన విషయ మొక్కటియే. తెలుగుభాషకు శాసనకర్తయైన పండితుడు చిన్నవారి జంతుకథలను తన పాండిత్యమునకు దక్కువపని యని తలపలేదు. తనయొద్ద గల యుత్తమమైన తెలుగును వారికే యిచ్చెను. ఈ సంగతి గ్రహించితిమేని సూరిగారి జీవితసారమును గ్రహించినట్లే.

జననము, విద్య

సూరిగారి జన్మస్థానము చెంగల్పట్టు సీమయందలి శ్రీపెరుంబూదూరు. భగవద్రామానుజులవారి యవతారస్థల మగుటచే నాగ్రామము శ్రీవైష్ణవులకెల్ల పుణ్యక్షేత్రము. వారి జననము 1809వ సంవత్సరమని పలువురును, 1806 అని కొందఱును వ్రాసియున్నారు. ఎట్లయినను పందొమ్మిదవ శతాబ్దముతోడనే వారి జీవితమును మొదలయ్యెను. తండ్రియగు రామానుజాచార్యులు విద్వాంసులు. తెలుగుదేశమునకు దక్షిణమున, అరవము నిత్యవ్యవహారమైయున్న సీమలో, తెలుగు నింటిభాషగా గాపాడుకొనుచు వచ్చిన కుటుంబములలో వారిది యొకటి. భాషపై మమకారము దూరమున నున్నవారికే హెచ్చని పెద్దలు చెప్పుదురు. సూరిగారి చరిత్రము దానికి నిదర్శనము.

వారు చాత్తాద శ్రీవైష్ణవులు. చాత్తాద యనునది అరవశబ్దము. ధరింపని యని దాని యర్థము. యజ్ఞోపవీతము ధరింపకయే విష్ణుభక్తిని, గురుపరంపరను నమ్మి నడచిన వైష్ణవులని భావము. స్వామికి పుష్పమాలికలు గ్రుచ్చుట మొదలగు నాలయకైంకర్యములు, భక్తిగీతపఠనము తరతరములుగా వీరి జీవనముతో బెనవైచుకొన్నవి. ఆ కాలమున వ్యాకరణాది శాస్త్రములలో బ్రామాణ్యము చెప్పవలసినవారు వేఱొక వర్ణమువారే యని లోకము తలచుచుండెను. శాస్త్రాధికారము పుట్టుకవలన వచ్చునా, కృషివలన వచ్చునా యను ప్రశ్నకు సూరిగారు వాదములతో బ్రత్యుత్తర మీయలేదు. గ్రంథములతో నిచ్చిరి. వాదమును మఱియొక వాదము ఖండింపగలదు. గ్రంథము నిలిచియుండును.

బాల్యమున వారికి జదువుపై దృష్టి లేకుండెననియు, యౌవనారంభమున గాని శ్రద్ధ కలుగలేదనియు బెద్దలు చెప్పుకొందురు. పిమ్మట బట్టుదలతో దెలుగు, సంస్కృతము, అరవములను సాధించి, ఆంధ్రశబ్దచింతామణి మొదలగు లక్షణగ్రంథములను, కవిత్రయమువారి ప్రయోగములను మథించిరి. నీతిచంద్రికారంభమున పాటలీపుత్రమును బాలించు సుదర్శనుడను రాజు చదువురాని కొడుకులను జూచి చింతించును. విష్ణుశర్మ యను పండితుడు వారిని జంతుకథలతో నీతివేత్తలను జేయును. ఆలస్యముగా జదువు మొదలిడినవాడును గొప్పవాడు కాగలడను నమ్మకము ఆ కథకు బునాది. పై వృత్తాంతము నిజమైనచో ఆ నమ్మకమునకు సూరిగారి జీవితమే సాక్ష్యము.

చెన్నపట్టణ జీవితము

విద్య ముగిసినపిదప సూరిగారు చెన్నపట్టణము చేరి బ్రతుకుతెరువునకై బడిపంతులయిరి. ఒక మిషను పాఠశాలయందును, పిదప పచ్చయప్ప మొదలారి ధర్మనిధితో 1842లో నేర్పడిన పాఠశాలయందును దెలుగు బోధించిరి. తుదకు రాజధాని పాఠశాలలో దెలుగు పండితపదవి లభించెను. 1855లో ప్రెసిడెన్సీ కళాశాలయని పేరు పొందిన విద్యాలయ మదియే. చిన్నయ యను పేరునకు జేరిన సూరి శబ్దము బిరుదము. పండితుడని దాని యర్థము.

ఆనాటి చెన్నపట్టణము తెలుగువాఙ్మయమునకు గొప్ప కూడలి. 1812లో సెంటుజార్జికోట కళాశాల నెలకొల్పబడినది మొదలు, దేశభాషలు నేర్వవలసిన దొరలకొఱకును, బడిపిల్లలకొఱకును వచనగ్రంథములు కావలసివచ్చెను. తెలుగున బద్యము వెల్లివిరిసియుండెను గాని బడిలో జదువుకొనదగిన వచన మఱుదు. ఈ కొఱత దీర్ప బూనినవారిలో సూరిగారు ముఖ్యులు. చెన్నపురిలో 1855లో మొట్టమొదటి విద్యాశాఖాధికారియైన అర్బత్నాట్ దొరయు, వర్తకశ్రేష్ఠియు బ్రజానాయకుడు నగు గాజుల లక్ష్మీనరసు సెట్టిగారును సూరిగారి నాదరించిరి. దాతలగువా రీమాట గమనింపవలయును. పండితుని యింట పొయ్యి వెలిగినగాని గ్రంథము వెలుగు చూడదు. లక్ష్మీనరసు సెట్టిగారి వాణిజ్యవైభవము నేడెవ్వరి యెఱుకలోను లేదు. విద్వాంసుని పోషించిన పుణ్యము మాత్రము వారి పేరును నిలిపియున్నది.

కథల పూర్వచరిత్ర

సూరిగారు చేపట్టిన కథలు వారు కల్పించినవి కావు. సంస్కృతమున విష్ణుశర్మ పేర వెలసిన పంచతంత్రమును, దానిని గుదించి కూర్చిన హితోపదేశమును వానికి మూలములు. ఈ కథలు చేసిన దిగ్విజయము మఱి యే భారతీయగ్రంథమును జేయలేదని చెప్పవచ్చును. క్రీ. శ. 6వ శతాబ్దమున బారసీక చక్రవర్తియగు ఖుస్రూ అనూషిర్వాన్ కాలమున బుర్జోయ్ యను వైద్యుడు వీనిని బహ్లవీభాషలోనికి దెచ్చెను. 8వ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీలోనికి మార్చి కలీలా దిమ్నా యని పేరిడెను. మన కరటక దమనకులే యా కలీలా దిమ్నాలు! అరబ్బీ పారసీక లేఖకులు తమ ప్రతులలో సింహమును, నక్కను, కాకులను రంగురంగుల బొమ్మలుగా వ్రాయించిరి. 15వ శతాబ్దమున జర్మనీలో నచ్చుయంత్రము వెలసిన కొలది యేండ్లకే చెక్కపలకల బొమ్మలతో నీకథలు ముద్రింపబడెను. 1570లో థామస్ నార్త్ వీనిని ఇంగ్లీషున బ్రకటించెను. జంతుకథయు, బొమ్మయు ననాదిగా జంటగా నడచిన వనుటకు నివి తార్కాణములు.

ఈ విషయమున మన గుంటూరు సీమ యెవ్వరికిని దీసిపోదు. అమరావతి స్తూపమున గృష్ణాతీర శిల్పులు చలువఱాతిపై బుద్ధుని పూర్వజన్మకథలను జెక్కిరి. ఆఱు దంతములు గల ఛద్దంతుడను గజరాజు, తన్ను జంపవచ్చిన బోయవానికి దంతముల నర్పించిన కథ యందొకటి. పల్నాటియందలి గోలి గ్రామమున దొరకిన ఫలకములలోను నా ఛద్దంతుడు కనబడును. అక్షరము రాని కాపువాడును, పసిబాలుడును ప్రదక్షిణము చేయుచు నాఱాతిబొమ్మలను జూచి దయయన నేమో, త్యాగమన నేమో తెలిసికొనెను. సచిత్రమైన నీతికథ నాటికే యిచ్చట నుండెను. దానికి గాగితమునకు బదులు శిల. అంతియే భేదము.

తెలుగున 15వ శతాబ్దమున దూబగుంట నారాయణకవియు, పిమ్మట బైచరాజు వేంకటనాథుడును పంచతంత్రమును బద్యకావ్యములుగా జేసిరి. అవి పండితసభలకు దగినవి. 1826లో దాండవరాయ మొదలారిగారు అరవవచనమున వీనిని బ్రకటించిరి. 1834లో రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారు తెలుగు వచనమున వ్రాసిరి. సూరిగారు కలము పట్టునప్పటికి ద్రోవ యేర్పడియుండెను. ఆ త్రోవను రాజమార్గముగా జేసినవారు మాత్రము సూరిగారే.

నీతిచంద్రిక

1853లో నీతిచంద్రిక వెలువడెను. ఇందు మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములు గలవు. పంచతంత్రమున మిత్రభేదము మొదటిది. హితోపదేశమున మిత్రలాభము మొదటిది. సూరిగారు హితోపదేశ క్రమమునే గైకొనిరి. పిల్లవానికి మొదట స్నేహము సంపాదించుట తెలియవలయును. అది చెడు విధము తరువాత దెలియవచ్చును. ఈ క్రమము బోధనకు దగియున్నది.

గ్రంథమున బొమ్మలు లేకున్నను బొమ్మకట్టని కథ లేదు. పాత్రల పేర్లే చిత్రములు. చిత్రగ్రీవుడన మెడపై వన్నెలు గల పావురము. లఘుపతనకుడన దేలికగా నెగురు కాకి. మంథరుడన మెల్లగా నడచు తాబేలు. చిత్రాంగుడన మచ్చల మేని లేడి. పింగళకుడన గోరోచనపు వన్నె సింహము. దీర్ఘకర్ణుడన నిడుద చెవుల పిల్లి. ఈ పేర్లు మూలముననే యున్నవి. సూరిగారు వానిని విడువక, వాని చుట్టు నడవి, చెఱువు, బూరుగుచెట్టు, వేటకాని వల కన్నులకు గట్టునట్లు చక్కని తెలుగుమాటలు కూర్చిరి. తత్సమపదమును, అచ్చతెలుగుపదమును గలహింపక సరసన గూర్చుండుట వారి వచనమున గాననగును. వాక్యము దీర్ఘమైనను దారము తెగదు. చదువరి యూపిరి దీసికొనవలసిన చోటు సూరిగారికి దెలియును. బిగ్గరగా జదివి చూచినవారి కీ సంగతి స్పష్టమగును.

పూర్వపు వచనములు పెక్కు పద్యముల నడుమ నతుకులుగానో, టీకలుగానో యుండెను. వచనము తనకు దానే కావ్యము కాగలదని నీతిచంద్రిక లోకమునకు జూపెను. అది జూపుటకు సూరిగారు రాజచరిత్రమును గాని వేదాంతమును గాని యెన్నుకొనలేదు. ఎలుకకును కాకికిని గల సంభాషణము నెన్నుకొనిరి. పాఠశాల విద్యార్థి కేది యిచ్చినను జాలునను నుదాసీనత వారియొద్ద లేదు. చిన్నవాని చెవి బడు మొదటి వచనమే యుత్తమవచనము కావలెనని వారి నిశ్చయము.

కథలయందలి నీతి

సభాసంఘములు నడపు మనకు మిత్రలాభమున మొదటి కథయే చాలును. నూకలు చల్లిన వలపై బావురములు వ్రాలగోరును. జనసంచారము లేని యడవిలో నూక లెట్లు వచ్చెనని చిత్రగ్రీవుడు శంకించును. వినక వ్రాలి యన్నియు జిక్కుకొనును. వ్రాలుడని తొందరించినదానిని దక్కినవి నిందింప దొడగును. అపుడు చిత్రగ్రీవుడు నిందకిది సమయము కాదని వారించి, అందఱును నొక్కసారి ఱెక్క లల్లార్చుడని చెప్పును. వలతోగూడ నవి యాకసమున కెగసిపోవును. పిమ్మట జెలికాడగు హిరణ్యకుడను నెలుక మొదట రాజు కట్లు కొఱుక బోగా, తనవారి కట్లు ముందు తెంపుమని యా పావురము కోరును. ఆపదలో దూషణము పనికిరాదనియు, విముక్తి వేళ నాయకుడు కడపటివాడు కావలెననియు నీ కథ రెండు నీతుల జెప్పును. నల్లరేగడి నేలలో బత్తియు మిరపయు బండించు రైతులకు వేఱుగ వివరింప నక్కఱలేదు. ఒక్కని బండికి ధర పలుకదు. పది బండ్లు గూడినచో వర్తకుడు లేచి వచ్చును.

మిత్రభేదము మఱింత గట్టి మందు. వర్ధమానుడను వర్తకుని బండి లాగుచు గాలు విఱిగి యడవిలో విడువబడిన సంజీవకుడను నెద్దు కోలుకొని ఱంకె వేయును. ఆ ధ్వని విని సింహరాజగు పింగళకుడు భయపడును. దమనకుడను నక్క నడుమ జేరి యిరువురకు స్నేహము కుదుర్చును. తన పలుకుబడి తఱిగినదని తోచినతోడనే యానక్కయే యొకరిపై నొకరికి శంక పుట్టించును. తుదకు నెద్దు చచ్చును. సింహము మంచి స్నేహితుని జేజేతుల బోగొట్టుకొనును. ఇందు సింహము క్రూరుడని గాని, ఎద్దు దోషియని గాని చెప్పుటకు వీలులేదు. ఇరువురును మంచివారే. ఒకరినొకరు తిన్నగా నడుగకుండుటయే వారి దోషము. ఏ సంఘమైనను శత్రువుల వలన జెడుట యరుదు. అధ్యక్షునకు గార్యదర్శికిని నడుమ దిరుగు దమనకుల వలన జెడుట తఱచు. నీతిచంద్రిక బాలురకేయని తలచువారు మిత్రభేదము నొకమాఱు చదివి, పిదప నిర్వాహకవర్గ సమావేశమునకు బోవుదురుగాక!

బంగారుకడియము చూపి బాటసారిని బిలిచిన ముసలిపులి కథయు నిట్టిదే. దర్భలు చేతబట్టి చెఱువుగట్టున గూర్చుండి, తాను వ్రతనిష్ఠలో నున్నట్లు పులి నటించును. కడియమున కాసపడి నీట దిగినవాడు బురదలో గూరుకొనును. వేషమును జూచి నమ్మరాదు, ఎరను జూచి దిగరాదు. రెండింతలు చేసి యిత్తుమను మాటలకు గూడబెట్టిన ధనమును బోగొట్టుకొనువారు నేటికిని గలరు. పులి రూపు మారినది గాని కడియము మారలేదు.

బాలవ్యాకరణము

1858లో వెలువడిన బాలవ్యాకరణము సూరిగారి కీర్తికి రెండవ స్తంభము. దీని పేరునందును బాలశబ్ద మున్నది. అంతకుముందు ప్రామాణికమైన యాంధ్రశబ్దచింతామణి సంస్కృతమున నున్నది. తెలుగు లక్షణము తెలియుటకు దెలుగువాడు సంస్కృతసూత్రములు వల్లింపవలసియుండెను. సూరిగారు పాణిని యొరవడిని సంక్షిప్తసూత్రములు రచించిరి. కాని వానిని దెలుగుననే రచించిరి. సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియా, కృదంత, ప్రకీర్ణకములను పది పరిచ్ఛేదములలో భాషనెల్ల నమర్చిరి. కవుల ప్రయోగములను శోధించి సూత్రించుటయే గాక, తాము విధించిన నియమములకు దగిన వచనము నీతిచంద్రికయందు ముందుగనే చూపియుండిరి. మొదట గథ, పిమ్మట వ్యాకరణము. భాషను నేర్చు క్రమమును నిదియే గదా!

వారు నిఘంటువును గూడ నారంభించిరి. అది పూర్తి గాలేదు. పంచతంత్రమున దక్కిన భాగములును వ్రాయబడలేదు. 1861వ సంవత్సర ప్రాంతమున, ఇంకను బెక్కు గ్రంథములు వ్రాయగల వయస్సుననే, సూరిగారు పరమపదించిరి. బాలవ్యాకరణమున మిగిలిన విషయములను బూరించుచు బహుజనపల్లి సీతారామాచార్యులవారు ప్రౌఢవ్యాకరణమును రచించిరి. ఆచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడి నిఘంటువు కొఱతను దీర్చెను.

సూరిగారి పిదప

నీతిచంద్రికను బూరించు భాగ్యములో గుంటూరు సీమకును బాలు గలదు. 1842లో వినుకొండలో జన్మించిన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు విగ్రహతంత్రమును రచించిరి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు సంధి విగ్రహములను రచించిరి. వీరిరువురును బత్రికలు నడపి, స్త్రీవిద్యాదివిషయములలో నొకరి నొకరు తీవ్రముగా ఖండించుకొన్నవారు. మతమున, ఆచారమున, సంస్కరణమున జుక్కెదురుగా నిలిచినను, కథచెప్పుటలో నిద్దఱును సూరిగారి జాడనే నడచిరి. ఇరువురును గాలక్రమమున బ్రెసిడెన్సీ కళాశాలలో దెలుగు పండితులైరి. విరోధుల నిద్దఱిని నొక్క బడిలో గూర్చుండబెట్టగలిగిన గ్రంథమున కంతకంటె నేమి ప్రశస్తి కావలయును?

జంతుకథకు బొమ్మ తోడగు సంప్రదాయమును జెన్నపట్టణమున మఱల నిలిపినవారును మన సీమవారే. తెనాలివారగు చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో గూడి 1947 జూలైలో జందమామ పత్రికను వెలువరించిరి. పుటపుటకు బొమ్మలతో, వాడుకమాటలలో, జంతువుల కథలును రాజుల కథలును నింటింట జేరెను. ఆఱు దశాబ్దములకు బైగా నడచి యా పత్రిక నిలిచిపోయినది. సూరిగారి భాషకును జందమామ భాషకును బోలిక తక్కువ. పిల్లవాడే గదా యని చులుకనగా జేయని శ్రద్ధ మాత్ర మొక్కటియే.

కఠినమను నాక్షేపము

సూరిగారిపై నొక యాక్షేపము గలదు. దానిని దాచుట వారికి గౌరవము కాదు. వారి భాష కఠినమనియు, వారి వ్యాకరణము తెలుగు వచనమునకు సంకెల యయ్యెననియు గిడుగు రామమూర్తి పంతులుగారు మొదలగు వ్యావహారికవాదులు 1910 ప్రాంతమునుండి వాదించిరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగువారు గ్రాంథికమును సమర్థించిరి. తుదకు బడులయందును బత్రికలయందును వాడుకభాషయే గెలిచెను. బడిపిల్లలు మాటాడు భాష యొకటి, వ్రాయవలసిన భాష యొకటి యగుటవలన బెక్కురు బాధపడిరనుట సత్యము.

అయినను దోషము నిష్పక్షపాతముగా బంచవలయును. సూరిగారి కాలమున దెలుగు వచన మిట్లుండవలెనను నేర్పాటు లేదు. వారొక యొరవడి చూపిరి. ఆ యొరవడి తప్ప మఱియొకటి వ్రాయరాదని బెత్తము పట్టినవారు తరువాతి పరీక్షాధికారులు. దీపము వెలిగించినవానిది వెలుగు. కిటికీలు మూసినవారిది పొగ. నేటి బాలుడు నీతిచంద్రికను దానుగా జదివి గ్రహింపలేకపోవచ్చును. పెద్దవా రొకరు ప్రక్కన గూర్చుండి చదివి, తెలియనిచోట వాడుకమాటలో జెప్పినచో దప్పక గ్రహించును. వెనుకటి దినములలో నీకథలు నడచినది నట్లే. ఒక్కనాడును బిల్లవాడు కథ నొంటరిగా జదివియుండలేదు.

మన కర్తవ్యము

సూరిగారు మనవా రని చెప్పుకొనుటకు మన కధికారము గలదు. ఆ యధికారము వెంట ఋణమును గలదు. సూరిగారు తమ గ్రంథములను దమ శాఖవారికని వ్రాయలేదు. ఆ కథలు విన్న పిల్లవాని కులమును విష్ణుశర్మయు నడుగలేదు, సూరిగారును నడుగలేదు. కాకికిని ఎలుకకును జాతివైరమని లోకము చెప్పుచుండ, ఆ రెండును స్నేహము చేయగలవని చూపిన గ్రంథ మది. అట్టివానిని మన యింటి పటముగా మాత్రమే చేసికొనుట వారిని చిన్నబుచ్చుట. తెలుగు బాలుర కందఱికి వారిని మఱల నప్పగించుట వారిని గౌరవించుట.

అందుకు మూడు కార్యములు మన కందుబాటున నున్నవి. సూరిగారు గతించి నూటయఱువది యేండ్లు దాటినందున వారి గ్రంథము నెవ్వరైనను ముద్రింపవచ్చును. మిత్రలాభమును బెద్ద యక్షరములతో, కథకొక బొమ్మతో, ప్రతిపుట క్రిందను గఠినపదములకు వాడుకమాటలతో నచ్చొత్తించుట మొదటి కార్యము. ఆ బొమ్మలకు మన సీమ చిత్రకారులను నియోగింపవచ్చును. అమరావతి శిల్పుల వంశమునకు జేయి తిరుగకపోదు. ఆ ప్రతులను బాఠశాలలకును, విద్యార్థివసతిగృహములకును, అడిగిన ప్రతి గృహమునకును గులభేదము లేక యుచితముగా బంచుట రెండవది. వారమున కొక సాయంకాలమైనను బెద్ద లొకరు పిల్లల జేర్చి యొక్క కథ చదివి వినిపించుట మూడవది. మొదటి రెండు ధనముచే నగును, దాతలు గలరు. మూడవది ధనముచే గాదు. కల్లమునుండియు, కొట్టునుండియు, కచేరినుండియు నలసి వచ్చిన తండ్రి యరగంట కూర్చుండవలయును. తల్లి తోడు పలుకవలయును. దూరదర్శనపు బెట్టెను, చేతి ఫోనును నంతసేపు మూయవలయును. మూడింటిలో గష్టమైన దిదియే. ఇది లేనిచో మొదటి రెండును వ్యర్థములు.

మహాపండితులు పెక్కురు పుట్టిరి, పోయిరి. వారిలో బిల్లల నెదుట గూర్చుండి కథ చెప్పినవారు మిక్కిలి కొలదిమంది. చిన్నయసూరిగా రట్టి కొలదిమందిలోనివారు. పూలదండ రేపటికి వాడును. ఈ సభనుండి యింటికేగిన రాత్రి మన పిల్లలు చిత్రగ్రీవుని కథ విందురేని, వలతోగూడ నెగసిన యా పావురముల ఱెక్కలచప్పుడు వారి చెవులలో జిరకాలము నిలుచును. సూరిగారి కంతకు మించిన పూజ మఱియొకటి లేదు.